వణుకు ఆపే లెన్సు

జిన్‌హువాంగ్ అన్న ముప్పై రెండేళ్ళు మా తైచుంగ్ నగరంలోని ఒక లెన్సుల ఫ్యాక్టరీలో గాజు అరగదీశాడు. ఆ సంగతి ఎవరినీ మర్చిపోనిచ్చేవాడు కాదు. పార్కు చెరువు దగ్గర పిట్టల ఫొటోలు తీసే మా గుంపులో ఎవరు కొత్త లెన్సు తెచ్చినా ముందు ఆయన చేతికివ్వాలి. వెలుతురుకేసి తిప్పి, ఒక కన్ను మూసి చూసి, "ఊఁ, పర్లేదు" అంటే పొంగిపోయేవాళ్ళం. ఏమీ అనకపోతే ఆ మనిషికి ఆ పూట సోయాపాలు కూడా సయించేవి కావు.

మేమంతా రిటైరైనవాళ్ళం. నేను సిటీ బస్సు నడిపినవాణ్ణి. తెల్లారేసరికి గట్టు మీద మూడుకాళ్ళ స్టాండులు వరసగా నిలబెట్టి, ఫిరంగులని మేం పిలుచుకునే పొడుగు లెన్సులు వాటికి బిగించేవాళ్ళం. నీళ్ళలో మేమే పాతిన ఎండుకొమ్మ మీద లకుముకి పిట్ట ఎప్పుడు వాలుతుందా అని ఇక ఎదురుచూపులే. ఫొటో తీశాక దాన్ని పిట్ట కన్ను దాకా పెంచి చూస్తాం. ఆ కంట్లో మెరుపుచుక్క స్పష్టంగా ఉంటే అది ఫొటో, లేకపోతే చెత్త. మా దగ్గర మధ్యరకం లేదు.

వణుకు ఆపే లెన్సులంటే అన్నకు ఒళ్ళుమంట. మన చెయ్యి కదిలితే లోపల ఒక గాజుబిళ్ళ దానికి ఎదురు కదిలి బొమ్మను నిలబెడుతుంది, అంతే దాని పని.

"జన్మంతా గాజుని వెంట్రుకవాసి కదలకుండా కూర్చోబెట్టినోణ్ణి నేను. ఇప్పుడు దాన్ని లోపల ఉయ్యాలూపుతారంట, అదో గొప్పంట!" అనేవాడు.

నాకు అలాంటి లెన్సే ఉంది. "అన్నా, చేత్తో పట్టుకుని, అందులోనూ చెట్టునీడలో తియ్యాలంటే ఇది లేకపోతే కష్టం," అన్నాను ఒకసారి.

"పిట్ట రెక్కలాడిస్తే ఆపుద్దా అది?"

"అదాపదు. మన చెయ్యి వణికితే ఆపుద్ది."

"నీ చెయ్యి వణుకుద్దా ఏంట్రా? అయ్యో, నీ బస్సెక్కినోళ్ళు ఎట్టా బతికి బయటపడ్డారో!"

గట్టంతా నవ్వింది. నిజానికి ఆయన వాదంలో తప్పు లేదు. స్టాండుకు బిగించినప్పుడు నా లెన్సులో వణుకు ఆపే మీట కట్టేయాల్సిందే. మరిచిపోతే ఆ పాత లెన్సు లేని వణుకును వెతుక్కుంటూ తనే బొమ్మను చెడగొడుతుంది. అలా చెడిన ఫొటో ఒకటి అన్న మా అందరి ముందూ తీసి మరీ చూపించాడు. స్టాండు ఉన్నవాడికి అది దండగే. స్టాండు మొయ్యలేని మనిషి ఒకరు మా పక్కనే ఉన్నారని మాత్రం మాకెవరికీ తట్టలేదు.

ఆ మనిషి అన్న భార్య, మేయ్‌యున్ వదిన. మొదట్లో కోడిగుడ్డు అట్లు, టీ ఫ్లాస్కు తెచ్చి పక్కన కూర్చునేది. ఒక వసంతంలో అన్న పక్కన పడేసిన పాత కెమెరా, కాస్త తేలికపాటి పొడుగు లెన్సు పట్టుకొచ్చింది. నడుంనొప్పి మనిషి, స్టాండు ఎత్తలేకపోయేది. చేత్తోనే తీసేది. ఏటా మా గుంపు ఫొటోలు వార్డు హాలు గోడకు తగిలిస్తారు, ఒక్కోదాని కింద తీసినవాళ్ళ పేరు రాసి.

"నా పేరు మీద ఒక్క లకుముకి ఉండాలి తమ్ముడూ. ఒక్కటి చాలు," అంది నాతో.

మూడు వసంతాలు కూర్చుంది. వందల ఫొటోలు తీసింది. అన్నీ మసకే. అన్న ఆమె కెమెరా లాక్కుని, కన్ను దాకా పెంచి, అందరికీ వినపడేలా తీర్పు చెప్పేవాడు.

"చెత్త. ఇదీ చెత్తే. మోచేతులు డొక్కలకి ఆనించవే అని ఎన్నిసార్లు చెప్పాలి? ఊపిరి బిగబట్టు!"

"బిగబట్టానయ్యా. ఇంకాస్త బిగబడితే పోతాను."

"మరి ఆ చేతుల్లో ఎముకలున్నాయా, నూడుల్సా?"

మేం నవ్వేవాళ్ళం. ఆమే ముందు నవ్వేది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. నా లెన్సు ఒక గంట ఆమెకిద్దామని ఒకసారి అనిపించింది. ఇస్తే అన్న మొహం మాడ్చుకుంటాడని ఆగాను. అది నాకు నేను చెప్పుకున్న కారణం. చెయ్యి జారి కింద పడేస్తుందేమోనన్నది అసలు కారణం.

నాలుగో వసంతంలో ఆమె కెమెరా తేలేదు. "నాకు టీ పొయ్యడమే బాగుంది," అంది. పోస్తుంటే ఫ్లాస్కు మూతి కప్పు అంచుకు టకటకా కొట్టుకుంది. నాకు వినపడింది. అన్న కన్ను లకుముకి మీదే ఉంది.

మరుసటేడు ఆమె చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతే అప్పుడు అన్న ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. నరాల జబ్బు అన్నారు. "వణుకు మొదలై చాలా ఏళ్ళయ్యుండాలే, ఇంట్లో ఎవరూ గమనించలేదా?" అని డాక్టరమ్మ అడిగిందట.

ఆ వారమే అన్న వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"తమ్ముడూ, నీ లెన్సోసారి ఇస్తావా? మీ వదినకి." నేను విప్పుతుంటే మళ్ళీ తనే అన్నాడు. "అప్పట్లో దాని వణుకు చిన్నదేరా. ఈ లెన్సు ఆపగలిగినంతే. ఎంత ఆపుద్దో నాకు తెలుసు కదా. ఒక్కసారి, ఒక్కసారన్నా దాని కెమెరాలోంచి నేను చూళ్ళేదు."

మర్నాడు పొద్దున ఆమెను తీసుకొచ్చాడు. మాత్ర పనిచేసే గంట చూసుకుని స్టూలు మీద కూర్చోబెట్టి, లెన్సు బరువును తన అరచేతిలో మోస్తూ, కొమ్మ మీద లకుముకి వాలగానే ఆమె వేలి మీద తన వేలు పెట్టి కెమెరా మీట సగం నొక్కాడు. లెన్సు సన్నగా గుర్రుమంది.

"ఏమే, కనపడిందా?"

"బొమ్మ ఊగట్లేదేంటయ్యా?"

"లెన్సు ఆపింది."

ఆమె కన్ను తియ్యకుండా చూసింది. "నాకెప్పుడూ ఊగుతూనే కనపడేది. అందరికీ అంతేనేమో, అయినా మీరంతా తీయగలుగుతున్నారు, నాకే చేతకావట్లేదు అనుకున్నా."

మేమెవరమూ అటు చూడలేకపోయాం.

"నొక్కు. పిట్ట కన్ను బాగా పడుద్ది," అన్నాడు అన్న.

"నీ వేలుంది దాని మీద. నొక్కితే అది నీ ఫొటో అవుద్ది."

ఆయన వేలు తీశాడు. ఆమె వేలు మీట మీద ఆడుతూనే ఉంది గానీ నొక్కలేకపోయింది. పిట్ట మాత్రం ఆ రోజు చాలాసేపు కూర్చుంది.