సొంతవాళ్ళ వంతు

మా అక్క మొగుడు వయసంతా సైన్యంలోనే ధారపోశాడు గానీ, శిక్షణ రోజులు దాటాక తుపాకీ పేల్చిన పాపాన పోలేదు. ఆయనది సిబ్బంది వ్యవహారాలు చూసే ఆఫీసు. ఏ సిపాయి ఏ కొండ ఎక్కాలి, ఎవడు ఎప్పుడు దిగి ఇంటికి దగ్గరగా రావాలి, ఎవడికి సెలవు, ఎవడికి ప్రమోషన్, అన్నీ ఆయన బల్ల మీదే తేలేవి. "ఇంతకీ మీరు యుద్ధం ఎవరితో చేశారు బావా?" అని అడిగితే, "పెళ్ళాం నీళ్ళాడబోతోందని సెలవడిగే బ్రహ్మచారులతో" అనేవాడు. బావమరిదిని కాబట్టి నేను అలా అడగగలిగేవాణ్ణి. ఆఫీసులో ఆయన ముందు ఎవరికీ నోరు పెగిలేది కాదు.

ఆయన గది బయట ఒక పొడవాటి చెక్క బల్ల ఉండేది. పని మీద వచ్చినవాళ్ళు టోపీలు మోకాళ్ళ మీద పెట్టుకుని దాని మీద కూర్చునేవాళ్ళు. ఒక్కొక్కణ్ణీ లోపలికి పిలిచి, కుర్చీ చూపించి, మీ నాన్న కాలు ఎలా ఉంది అని అడిగి, ఆ తర్వాతే కుదరదని చెప్పేవాడు. కుదరదని అంత మర్యాదగా చెప్పే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. సరిహద్దు కొండల మీద గడువు పూర్తిచేసినవాళ్ళు వరసగా కిందికి దిగాలి, ఊళ్ళకి దగ్గరి డిపోల్లో చేరాలి. ఆ వరసలో ఎవరి సిఫారసూ చెల్లదు. ఒక పెద్ద అధికారి తన మేనల్లుడి కోసం ఫోన్ చేస్తే, "అలాగేనండి, ఆయన వంతు రాగానే" అని పెట్టేశాడట. దాంతో బావకి రావలసిన ప్రమోషన్ గల్లంతయింది. అయినా కిమ్మనలేదు.

అంతవరకూ రెండు చేతులా దణ్ణం పెడతాను. నాకు ఒళ్ళు మండేది ఆయన రెండో సూత్రం దగ్గర. సొంతవాళ్ళకి వంతు వచ్చినా ఒక అడుగు వెనక్కి జరపాలి, లేకపోతే లోకం వేలెత్తి చూపిస్తుంది అనేవాడు. మంచి క్వార్టర్స్‌కి తమ వంతు వస్తే ఇంకొకరికి ఇచ్చేసి, మా అక్కని వానకి కారే వంటింట్లోనే ఉంచాడు. "ఈయన మంచిపేరు మోసేది నేనూ, ఈ గిన్నెలూ" అంటూ అక్క కారే చోటల్లా ఒక గిన్నె పెట్టుకునేది.

చిన్నబావ, అంటే ఆయన తమ్ముడు, అదే సైన్యంలో లారీ డ్రైవరు. నోట్లో నాలుక లేని మనిషి. మంచు కొండల మీద ఆయన గడువు పూర్తవుతున్న ఏడు, ఆయన భార్యకి గుండె జబ్బు ముదిరింది. పిల్లలు లేరు, మా ఊళ్ళోని ఇంట్లో ఆవిడ ఒక్కతే. అదే సమయానికి మా ఊరి డిపోలో ఒక చోటు ఖాళీ అయింది. చిన్నబావ అన్నగారికి ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, ఆవిడకి ఒంట్లో అస్సలు బాగోలేదు. నా వంతు వచ్చిందేమో చూస్తావా?"

"ఇంకా రాలేదురా. వచ్చే విడతలో చూద్దాం."

వచ్చే విడత అంటే ఆరు నెలలు. ఆవిడ అన్నాళ్ళు ఉండలేదు. చిన్నబావ కొండ దిగి వచ్చేసరికి అంతా అయిపోయింది.

రిటైరయ్యాక బావ మేముండే అపార్టుమెంటులోనే ఇల్లు తీసుకున్నాడు. మొదట్లో ఊసుపోక వంటింటి డబ్బాలకి పోస్టింగులు వేశాడు. పంచదారని పై అరకి బదిలీ చేసేసరికి, అక్క ఆయన్నే బాల్కనీకి బదిలీ చేసింది. ఆ తర్వాత అపార్టుమెంటు సంఘానికి కార్యదర్శిని చేశారు. వాచ్‌మన్ సెలవులు, నీళ్ళ ట్యాంకర్లు, కార్లు పెట్టుకునే చోట్లు, ఇవన్నీ చేతికొచ్చేసరికి ఆయనకి ప్రాణం లేచివచ్చింది.

చిన్నబావ కూడా రిటైరై ఒక స్కూలు బస్సు నడిపేవాడు. మళ్ళీ పెళ్ళి మాట ఎవరినీ ఎత్తనివ్వలేదు. ఆదివారం భోజనం మాత్రం అక్క చేతిదే. అక్కడ కొత్త మనిషి ఎవరు కనిపించినా, "మా అన్నయ్య నాకోసం కూడా వరస తప్పించలేదండీ" అని చెప్పేవాడు. ఆ మాట వినగానే బావ ఏదో పని కల్పించుకుని లేచి వెళ్ళిపోయేవాడు.

ఒకరోజు పొద్దుటి నడకలో అడిగేశాను. "తమ్ముడు పొగిడితే అలా పారిపోతారేం? పొగడ్త కూడా అరగదా మీకు?"

బావ నడుస్తున్నవాడల్లా ఆగిపోయాడు. "వాడి వంతు వచ్చిందోయ్. అందరికంటే ముందున్నది వాడే. తమ్ముడికి ఇచ్చుకున్నాడంటారని, వాణ్ణి దాటించి వెనకవాడికి ఇచ్చాను."

నాకు కోపం ముంచుకొచ్చింది. "వెళ్ళి ఆయనతో చెప్పెయ్యండి" అన్నాను.

"చెబితే? వాడికి పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. అన్నయ్య ఒక్కడున్నాడనుకుంటున్నాడు. అదీ లాక్కోమంటావా? మళ్ళీ నా గడప తొక్కుతాడా వాడు?"

తమ్ముడి మేలు కోరే దాస్తున్నానని ఆయన తనకి తాను నచ్చజెప్పుకున్నాడు. అసలు సంగతి, తమ్ముడు దూరమైతే బతకలేనిది ఆయనే. ఈ ఆదివారం చెప్పేస్తాను అనేవాడు, తీరా ఆదివారం వచ్చాక నీళ్ళు నమిలేవాడు. అలా ఏళ్ళు గడిచిపోయాయి.

మొన్నామధ్య బావ కోడలికి నెలలు నిండాయి. లిఫ్టు పక్కన కారు పెట్టుకునే చోటు ఏడాదికొక ఇంటికి వంతుల మీద ఇస్తారు. ఈ ఏడు వంతు బావ వాళ్ళింటిదే. బావ దాన్ని కాస్తా పై అంతస్తు వాళ్ళకి ఇచ్చేశాడు. ఆదివారం భోజనాలయ్యాక ఆ సంగతి బయటపడింది. కోడలు కుర్చీ లాక్కుని మామగారి ఎదురుగా కూర్చుంది.

"మామయ్యా, నా వంతు కాకపోతే అడగను. నా వంతు వచ్చాక కూడా ఇవ్వకపోతే అది న్యాయం ఎలా అవుతుంది?"

"కార్యదర్శి కోడలు కాబట్టి మంచి చోటు కొట్టేసిందని నలుగురూ అనుకుంటారమ్మా."

"అనుకోనివ్వండి. వాళ్ళేమో అనుకుంటారని, నేను ఈ కడుపు మోసుకుంటూ ఆ గేటు దగ్గర్నుంచి నడవాలా?"

చిన్నబావ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నవ్వాడు. "మా అన్నయ్య అంతేనమ్మాయ్. నాకోసం కూడా వరస తప్పించలేదు."

ఈసారి బావ లేవలేదు. కోడలి వంక చూశాడు, తమ్ముడి వంక చూశాడు.

"తప్పించానురా" అన్నాడు. "ఆ విడతలో వంతు నీదే. నా పేరు చెడుతుందని నిన్ను దాటించి నీ వెనకవాడికి ఇచ్చాను."

అక్క వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. చిన్నబావ తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"తెలుసన్నయ్యా."

"తెలుసా?"

"ఎందుకు తెలీదు? ఆ మంచులో మాకు వేరే పనేముంటుంది, ఎవడి తర్వాత ఎవడని అదే చెప్పుకుంటాం కదా. నా వెనకవాణ్ణి కొండ దింపింది కూడా నేనే. నా లారీలోనే సామాను వేసుకుని వచ్చాడు. దారి పొడుగునా పాపం వాడు నా మొహం చూడలేకపోయాడు."

నాకు ఉండబట్టలేదు. "మరి ఇన్నాళ్ళూ అందరి ముందూ ఆ మాట ఎందుకన్నావు చిన్నబావా?"

"ఒక్కసారైనా కాదంటాడేమోనని. అన్నప్పుడల్లా అన్నయ్య మొహంలోకి చూసేవాణ్ణి. లేచి వెళ్ళిపోయేవాడు."

సిగ్గుతో నా తల వంగిపోయింది. ఇన్నేళ్ళూ పక్కన కూర్చుని వింటూ, అది పొగడ్తేననుకున్నాను. బావ తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు. "తిట్టరా నన్ను. ఏదో ఒకటి అను" అన్నాడు.

"తిట్టే ఓపిక ఎప్పుడో అయిపోయిందన్నయ్యా. ఇప్పటికైనా చెప్పావు, మంచిదే. ఆవిడ ఉండగా చెప్పాల్సింది." చిన్నబావ ఒళ్ళోని తువ్వాలు తీసి పక్కన పెట్టాడు. "చివరిసారి ఫోన్లో మాట్లాడినప్పుడు అడిగింది, బావగారు ఏమన్నారండీ అని. అప్పటికే నాకు తెలుసు. నీమీద చెడ్డమాట ఎందుకులే అని, ఇంకా వంతు రాలేదన్నాను. 'అయితే పాపం ఆయన్ని ఇబ్బంది పెట్టకండి, మీ వంతు వచ్చేదాకా నేను ఉంటాలెండి' అంది."

బావ రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. చిన్నబావ ఓదార్చలేదు, లేచి వెళ్ళనూ లేదు. ఆయన ఏడుపు ఆగేదాకా పక్కనే కూర్చున్నాడు.