తుపాకీ గొట్టానికి నేను కోసిన మర

పదేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. మింగలేను, కక్కలేను. నా భార్యకు చెప్పలేదు. దేవుడి ముందు కూడా పైకి అనలేదు, ఆయనకు తెలుసులే అని సరిపెట్టుకున్నాను. ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియక్కర్లేదు. అందుకే కాస్త ధైర్యం వచ్చిందేమో.

నేను చేసిన తప్పులు రెండు. మొదటిది చేతితో చేసింది. అలాంటిది ఏ పనివాడికైనా జరగవచ్చు. రెండోది నోటితో చేసింది. నన్ను తినేస్తున్నది ఆ రెండోదే.

డెబ్బైల చివర్లో మేం ఇండియానాలో ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. నేను కార్లకు ఇరుసులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజినీర్‌ని. ఆ ఊళ్లో తెలుగు కుటుంబాలు రెండే. మాదొకటి, డాక్టర్‌గారిదొకటి. ఆయన ఆసుపత్రిలో ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరు. నాకంటే చాలా పెద్ద. ఆయన భార్యను మేం అక్కయ్యగారు అని పిలిచేవాళ్లం. మేం ఆ ఊళ్లో దిగిన కొత్తలో అపార్ట్‌మెంట్ దొరికేదాకా వాళ్లింట్లోనే ఉన్నాం. మా ఇద్దరికీ మొదటి చలికోట్లు కొనిపెట్టింది వాళ్లే. నాకు కారు నడపడం నేర్పింది ఆయనే.

అప్పట్లో మనవాళ్లలో ఒక పద్ధతి ఉండేది. మీలో పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మనవాడొకడు ఉండగా బయటివాడి దగ్గరికి పోకూడదు. జ్వరమొస్తే డాక్టర్‌గారింటి సోఫాలోనే పరీక్ష. నా జుట్టు అక్కయ్యగారే కత్తిరించేవారు, ఒక చెవి మీద ఎక్కువ, ఒక చెవి మీద తక్కువ. కారు మొరాయిస్తే నాకు కబురు వచ్చేది. ఇరుసు తప్ప కారులో ఇంకేమీ తెలియని నేను బానెట్ ఎత్తి గంభీరంగా తల ఊపేవాణ్ని. అందులో ఆప్యాయత ఉంది, కాదనను. గొప్ప కూడా ఉంది. మన పనులు మనమే చేసుకుంటాం, మనకేం తక్కువ అన్న గొప్ప.

డాక్టర్‌గారి ఇల్లు ఊరి బయట. వెనక స్థలంలో గోంగూర, చిక్కుడు, దోస వేసేవారు. అక్కడ గ్రౌండ్‌హాగ్‌లని ఉంటాయి, మన పందికొక్కులకు పెద్దన్నల్లాంటివి. బొరియల్లోంచి వచ్చి ఒక్క పూటలో పాదులన్నీ నున్నగా కొరికేసేవి. విసిగిపోయి ఆయన రైఫిల్ కొన్నారు. పేల్చినప్పుడల్లా పక్క పొలంలో గుర్రాలు బెదిరి కంచె మీద పడేవి. ఆ గుర్రాల ఆసామి మర్యాదగానే వచ్చి చెప్పాడు. అప్పుడు డాక్టర్‌గారు తుపాకీకి సైలెన్సర్ పెట్టించాలనుకున్నారు. దానికి ప్రభుత్వానికి కాగితాలు పెట్టాలి, వేలిముద్రలు ఇవ్వాలి, పన్ను కట్టాలి, నెలల తరబడి ఎదురుచూడాలి. ఆయన అన్నీ పద్ధతిగా చేశారు. ఏ పనైనా పద్ధతిగా చేయడమే ఆయన స్వభావం.

సైలెన్సర్ చేతికొచ్చాక తెలిసింది, తుపాకీ గొట్టం కొసన మర, అంటే స్క్రూకు ఉండేలాంటి చుట్ల గాడి, కోస్తే తప్ప అది ఎక్కదని. పక్క ఊళ్లో తుపాకులు బాగుచేసేవాడు నలభై డాలర్లు అడిగాడు, కొన్ని వారాలు ఆగమన్నాడు. డాక్టర్‌గారికి నలభై డాలర్లు ఒక లెక్క కాదు. సరే అనేవారే. మధ్యలో దూరింది నేను. ఆ మాత్రం మరకు బయటివాడెందుకండీ, మా షాపులో చిటికెలో కోసుకొస్తాను అన్నాను.

ఎందుకన్నాను? ఆ డబ్బు మిగల్చడానికి కాదు. ఎన్నాళ్లని వాళ్లు పెట్టడం, మేం తినడం? ఒక్కసారైనా నా చేయి పైన ఉండాలనిపించింది. మంచి కోరికే అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అందులో సగం రోషమే. కోట్లు కొనిచ్చినవాళ్ల మీద కూడా మనిషికి రోషం ఉంటుందని నాకు అప్పుడు తెలియదు.

శనివారం మా షాపులో మనుషులు తక్కువ. ఎవరినీ అడగకుండా గొట్టాన్ని లేత్ మీద, ఇనుమును తిప్పుతూ కోసే మిషన్ మీద, బిగించాను. ఇక్కడ కాస్త పని మాట చెప్పక తప్పదు. ఇరుసు అంటే గట్టి ఇనప కడ్డీ, లోపల ఏమీ ఉండదు. పైన గుండ్రంగా, తిన్నగా తిరిగితే ఇరుసు బాగున్నట్టే. ఏళ్ల తరబడి నా కంటికి అదే అలవాటు. తుపాకీ గొట్టం అలాంటిది కాదు. దాని ప్రాణమంతా లోపలి రంధ్రంలో ఉంటుంది. ఆ రంధ్రం గొట్టం బయటి గుండ్రానికి సరిగ్గా నడిమధ్యన ఉండాలని ఏమీ లేదు. మర ఆ రంధ్రానికి సూటిగా ఉండాలి. నేను ఇరుసులవాణ్ని, బయటి గుండ్రం చూసి కోశాను. మర ముచ్చటగా వచ్చింది. వేలితో తడిమి మురిసిపోయాను. కానీ అది వెంట్రుకవాసి వంకర. దానికి ఎక్కించిన సైలెన్సర్ కూడా అంత పక్కకే చూస్తుంది, పేలిన గుండు దాని లోపలి అంచును కొడుతుంది.

సన్నటి కడ్డీ ఒకటి రంధ్రంలోకి దూర్చి చూస్తే తెలిసిపోయేది. చూడలేదు. చెక్ చేశావా అని డాక్టర్‌గారు అడిగారు. అన్నీ చూశానండీ అన్నాను. ఏం చూశాను? నా పనితనం చూసుకున్నాను.

మర్నాడు మమ్మల్ని భోజనానికి పిలిచారు. వెనక వసారాలో బల్ల వేసి డాక్టర్‌గారు సైలెన్సర్ తిప్పి బిగించారు. వదులుగా ఉందేమోనని మళ్లీ పట్టి చూశారు. ఆసుపత్రిలో మత్తు ఇచ్చే ముందు కూడా ప్రతి గొట్టాన్నీ చేత్తో పట్టి చూడనిదే ఆయన ముందుకు కదలరు. నా భార్య వంటింట్లో అప్పడాలు వేయిస్తోంది. అక్కయ్యగారు వసారాలోకి వచ్చి ఆయన పక్కన కొంచెం ఎడంగా నిలబడ్డారు. శబ్దం రాదంటే ఆవిడకు నమ్మకం లేదు. రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుని నవ్వుతున్నారు. చేతులు చెవుల మీద ఉండబట్టి ముఖానికి అడ్డం ఏమీ లేకపోయింది.

డాక్టర్‌గారు తుపాకీ పేల్చారు. సైలెన్సర్ పక్కకు చీలింది. ఒక ముక్క వచ్చి అక్కయ్యగారి కుడి కంట్లో దిగింది.

ఆ తర్వాత కొంతసేపు నాకు సరిగ్గా గుర్తులేదు. ఆవిడను కారులో ఎక్కించింది డాక్టర్‌గారే. ఆసుపత్రికి నేను నడిపాను. కన్ను దక్కదని సాయంత్రానికల్లా చెప్పేశారు. షెరిఫ్ ఆఫీసు మనిషి వచ్చి కాగితాలు చూసి, ప్రమాదమని రాసుకుని వెళ్లిపోయాడు. ఆసుపత్రి వరండాలో డాక్టర్‌గారూ నేనూ మిగిలాం. ఆయన చొక్కా మీద రక్తం ఆరిపోయి ఉంది. అప్పుడు నా వైపు చూడకుండా అడిగారు.

"ఏమయ్యా, నేను టైట్ చేయడంలో ఏమైనా తేడా చేశానంటావా?"

నేను చేతిలోని కారు తాళాలు చూసుకుంటున్నాను.

"రెండుసార్లు చెక్ చేశాననే అనుకుంటున్నా. నువ్వు పక్కనే ఉన్నావుగా. మాటల్లో పడి లాస్ట్ టర్న్ వేయలేదా ఏం?"

"లూజ్‌గా ఉంటే అలా అవుతుందండీ," అన్నాను. "యాక్సిడెంట్ కదా. ఇప్పుడు అనుకుని ఏం లాభం?"

ఆయన తల ఊపారు.

"అంతే అయ్యుంటుంది. నాదే పొరపాటు. నీకేం సంబంధం లేదులే, నువ్వు బాధపడకు."

ఆ చివరి మాట ఆయన నన్ను ఓదార్చడానికి అన్నారు. చూడండి. భార్య లోపల కన్ను పోగొట్టుకుని పడుకుని ఉంటే, ఆయన నన్ను ఓదార్చారు. నేను ఆ ఓదార్పు తీసుకున్నాను.

నేను అబద్ధం చెప్పానా? లూజ్‌గా ఉంటే అలా అవుతుందన్నది అబద్ధం కాదు. చాలాకాలం ఈ వాదనతోనే బతికాను. ఆయన లూజ్‌గా బిగించారని నేను అనలేదు కదా అని నాతో నేను కోర్టులో ప్లీడర్‌లా వాదించుకునేవాణ్ని. కానీ చీలిన సైలెన్సర్ మూతి వసారాలోనే నా కంటపడింది. ఒక పక్కే చెక్కుకుపోయి ఉంది. ఇన్నేళ్లు ఇనుముతో పనిచేసినవాడికి అది చాలు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. అనుమానంతోనే ఆ మాట అన్నాను.

సరే, అది భయం అనుకుందాం. మరి సోమవారం సంగతేమిటి? ఆ తుపాకీ మళ్లీ తన ఇంట్లో కనపడకూడదని డాక్టర్‌గారే నాకు ఇచ్చేశారు. దాన్ని షాపుకు తీసుకెళ్లి ఈసారి రంధ్రాన్ని ఆధారంగా పెట్టుకుని కొలిచాను. వంకర స్పష్టంగా తేలింది. అప్పుడు భయం లేదు, తొందర లేదు, ఎదురుగా రక్తం లేదు. నేనూ, లేత్, వంకర మర. మర ఉన్న కొసను రంపంతో కోసి తుక్కు డబ్బాలో పడేశాను. మిగతాదాన్ని ముక్కలు చేశాను. దాన్ని భయం అనలేను. అది కావాలని చేసిన పని.

అప్పటికి నాకు గ్రీన్‌కార్డు ఇంకా రాలేదు. కంపెనీ మిషన్ మీద సొంత పని చేశానని తెలిస్తే ఉద్యోగం ఊడేది, ఉద్యోగం ఊడితే దేశమే వదలాల్సి వచ్చేది. నిజమే. కానీ గ్రీన్‌కార్డు మరుసటి ఏడు వచ్చింది. ఆ తర్వాత పౌరసత్వం కూడా వచ్చింది. చేయెత్తి ప్రమాణం చేసిన రోజున డాక్టర్‌గారు స్వీట్లు పట్టుకుని వచ్చారు. ఆ రోజు నన్ను ఎవరు ఆపారు?

నా మాటకు ఆయన ఏం చెల్లించారో చెప్పాలి. మత్తు డాక్టరుకు తన చేతి మీద తనకు నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం పోయింది. బిగించిన గొట్టాన్నే మళ్లీ మళ్లీ బిగించేవారట. ఆపరేషన్లు ఆలస్యమై సర్జన్లు విసుక్కునేవారట. ఏడాది తిరక్కుండానే ఆపరేషన్ థియేటర్ మానేశారు. ఇన్సూరెన్సు కంపెనీ కోసం జనానికి రక్తపోటు చూసి సంతకం పెట్టే ఉద్యోగంలో చేరారు. అంత గొప్ప డాక్టరు. తోట కూడా మళ్లీ వేయలేదు.

తర్వాత మేం మిషిగన్‌లో ఫార్మింగ్టన్ హిల్స్‌కు మారాం. మనవాళ్ల మధ్య ఉండాలని వాళ్లూ ఇక్కడికే దగ్గర్లోకి వచ్చారు. మా అమ్మాయికి అక్షరాభ్యాసం ఆయన చేతుల మీదుగానే జరిగింది. ఇంటికో వంట తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్‌లలో అక్కయ్యగారు అందరినీ నవ్విస్తుంటారు, మా ఆయన గ్యాస్ పొయ్యి నాబ్‌లు మూడుసార్లు చూడందే నిద్రపోరమ్మా అని. అందరూ నవ్వుతారు. ఆయనా నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఆ నవ్వు నా ముఖం మీద ఎలా ఉంటుందో నాకు తెలియదు. పదేళ్లలో అక్కయ్యగారు ఆయన్ని ఒక్క మాట అనలేదు. అనకపోవడం వల్ల ఆయన మరీ కుంగిపోయారని నాకు తెలుసు. వాళ్లిద్దరి మధ్య ఉన్న ఆ మౌనం నాది. నేను తెచ్చి పెట్టింది.

ఎన్నోసార్లు వాళ్ల ఇంటి ముందు కారు ఆపి, చెప్పేద్దామని లోపలికి వెళ్లి, టీ తాగి వచ్చేశాను. ఎదురుగా చెప్పే దమ్ము నాకు లేదు. ఇక రాదు కూడా.

మీరెవరో నాకు తెలియదని మొదట్లో అన్నాను. పూర్తిగా నిజం కాదు. చేత్తో రాసి జిరాక్స్ తీసి పంపే ఈ పత్రిక మన ఇళ్లన్నిటికీ వస్తుంది. డాక్టర్‌గారింటికీ వెళ్తుంది. అక్కయ్యగారికి ఉన్న ఒక్క కన్నూ చదవబోతే నీళ్లు కారుస్తుంది. అందుకని ఆయనే ప్రతి సంచికా మొదటి పేజీ నుంచి పెళ్లి ప్రకటనల దాకా పైకి చదివి వినిపిస్తారు. ఇది కూడా చదువుతారు. గ్రౌండ్‌హాగ్‌ల దగ్గరికి వచ్చేసరికే ఆయన గొంతు తడబడి ఉంటుంది. ఇలా దొడ్డిదారిన చెప్పడం పిరికితనమే, ఒప్పుకుంటున్నాను. క్షమించమని అడగను. అడిగితే వాళ్లు క్షమిస్తారు. అంత తేలికగా బయటపడే హక్కు నాకు లేదు.

కానీ రాసేశాను. పదేళ్ల తర్వాత నా చేయి నిజం రాసింది. అంతవరకు ఊపిరి ఆడుతోంది.

డాక్టర్‌గారూ, ఇక్కడ ఆపకండి. అక్కయ్యగారికి వినపడేలా ఇది కూడా చదవండి. మర వంకరగా కోసింది నేను. మీరు సరిగ్గానే బిగించారు. రెండుసార్లు పట్టి చూశారు, లాస్ట్ టర్న్ కూడా వేశారు. నేను పక్కనే ఉన్నాను. నా కళ్లతో చూశాను.