పసుపు కల్లం మీద పార్కు

ఆర్మూర్ మార్కెట్ వెనకాల ఒక ఖాళీ జాగా ఉండేది. ఖాళీ అన్న మాట నాది కాదు, ప్లాను గీసిన సారుది. అతను వానాకాలంలో వచ్చి కొలుచుకొని పోయాడు. అప్పుడు అక్కడ గడ్డి, రెండు మేకలు తప్ప ఏముంటాయి? మాఘం దాటాక వచ్చి ఉంటే కాలు పెట్టే సందు దొరికేది కాదు. సొంత కల్లం లేని మా గల్లీ వాళ్లందరం ఉడకబెట్టిన పసుపు అక్కడే ఆరబోసేవాళ్లం.

ఇది తొంభైల నాటి సంగతి. యూరప్‌లో కొన్ని పట్నాలు జట్టు కట్టాయట. బీదాబిక్కీకి కూడా చోటు ఉండేలా, చెట్లూ నీళ్లూ పాడు కాకుండా ఊళ్లు ఎట్లా పెంచాలో ఒకరికొకరు చెప్పుకుంటాయట. వాళ్లు మన చిన్న పట్నాలను కూడా చూసి ఒక పనికి సాయం చేస్తామన్నారని మా మరిది చెప్పాడు. ఆ పని పార్కు. ఆ పార్కు మా కల్లం మీద. నేను రెండో తరగతితో బడి మానినదాన్ని. పట్నాల జట్టు సంగతి అర్థం కాలేదు గానీ, పార్కు సంగతి బాగానే అర్థమైంది.

ఆ జట్టువాళ్లు జాగా చూడ్డానికి వచ్చే ముందు రోజు పొద్దున సారు కూలీలతో, గీతలు గీసే సున్నం బస్తాతో వచ్చాడు.

“సాయంత్రం లోపట గిదంత ఎత్తుర్రి. రేపు ఫారినోళ్లు వస్తున్నరు.”

“ఎత్తి ఏడ పెట్టాలె సార్? నెత్తి మీదనా?” అన్నాను.

“కుప్ప పోసి పరదా కప్పుర్రి. ఒక్క దినమే గదా!”

పసుపు అప్పటికి సగమే ఆరింది. ఆ తడి మీద కుప్ప పోస్తే ఆవిరి పట్టి లోపల బూజొస్తుంది. బూజు పట్టిన పసుపును మార్కెట్‌లో ఎవరూ ముట్టుకోరు. ఏడాది పంట పోయినట్టే.

మా కోడలు గంప అందుకుంది. “అత్తమ్మా, సర్కారోళ్లతోని మనకెందుకు? ఎత్తుదాం.”

“గంప కింద పెట్టు,” అన్నాను.

జాగా పక్క గోదాం గోడ నీడన కూర్చొని బీడీలు చుట్టే పక్క గల్లీ ఆమె చాట దించింది. “నీకు పసుపు ఫికర్ అక్కా. గీ గోడ పొంటి పార్కు కంచె ఏస్తే నేనేడ కూసోవాలె?”

సారు మాత్రం మా ఇద్దరి మాటా వినలేదు. “రేపు గిది కండ్లవడితే ట్రాక్టర్ పెట్టి ఎత్తిస్త,” అని వెళ్లిపోయాడు.

మరునాడు నిజంగానే గల్లీ మొగదల ట్రాక్టర్ ఆగి ఉంది. కోడలు నా కొంగు పట్టుకొని నిలబడింది. ఇంతలో జీపు వచ్చింది. సారు వెంట నెరిసిన జుట్టు తెల్లదొరసాని ఒకామె, ఆమె మాట తెలుగులో చెప్పే పిల్ల ఒకతె దిగారు. దొరసాని చుట్టూ చూసి, బూట్లతోనే పసుపు మీద అడుగు వేసింది.

“ఓ తల్లీ! బూట్లు ఇడువు! మేం గడపకు పూసే పసుపది!” అని అరిచాను.

“ఏయ్, నోరు మూస్కో!” అన్నాడు సారు.

ఆ పిల్ల భయపడుతూనే నా మాట ఆమెకు చెప్పింది. దొరసాని కింద కూర్చొని బూట్ల తాళ్లు విప్పుకుంది. ఆమె విప్పాక సారు విప్పక తప్పలేదు. ఎండకు కాలిన నేల మీద కాలు మార్చి కాలు వేస్తూ ప్లాను విప్పి, బాట ఎక్కడో, బెంచీలు ఎక్కడో చూపించాడు. వేలు ఎటు చూపినా పసుపే. వెనక నుంచి ఒకావిడ, వీళ్లు బేరానికి వచ్చారనుకొని, “మస్తు సరుకు సార్, కొంటరా?” అని అడిగింది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, కళ్లు ట్రాక్టర్ మీదే ఉన్నాయి.

“పార్కు వస్తే వీళ్లు పసుపు ఎక్కడ ఆరబెడతారు?” అని దొరసాని అడిగిందట.

“వేరే జాగ చూపిస్తం,” అన్నాడు సారు.

“ఏడ?” అన్నాను నేను. అతను ప్లాను చుట్టుకున్నాడు.

దొరసాని తన ఊరి సంగతి చెప్పింది. కూరగాయలు అమ్మేవాళ్ల చౌకులో పూలు, ఇనుప బెంచీలు పెట్టారట. అమ్మేవాళ్లు పోయారు, కొనేవాళ్లు కూడా పోయారు. పక్క పట్నం అదే తప్పు ముందే చేసిందట, ఈమె ఊరివాళ్లు వాళ్లను అడగలేదట. ఆ తర్వాతే పట్నాలన్నీ జట్టు కట్టాయట.

పోతూ ఆమె మాకేమీ మాట ఇవ్వలేదు. మధ్యాహ్నం దాకా మేం పసుపు చుట్టూ ట్రాక్టర్‌కు అడ్డంగా కూర్చునే ఉన్నాం. చివరికి డ్రైవర్ విసుగెత్తి ట్రాక్టర్ తిప్పుకొని పోయాడు.

పంట అమ్ముడుపోయాక సారు మళ్లీ వచ్చాడు. ఈసారి కూలీలు లేరు.

“ప్లాను మార్చినం. కంచె లేదు, బెంచీలు లేవు. గోడ పొంటి చెట్లు పెడ్తం. మీకు సమ్మతమేనా?”

“చెట్ల నీడ పడితే పసుపు ఎట్ల ఆరుతది సార్?” అన్నాను.

“నీడ లేకుంటె నేనెట్ల కూసుంట అక్కా?” అంది బీడీలామె.

సారు తల పట్టుకున్నాడు. “మీరే తేల్చుకోర్రి తల్లీ. రేపొస్త.”

ఆ పొద్దంతా మేమిద్దరం కొట్లాడుకుంటూనే, చెట్లు ఎక్కడ పెడితే ఏ పూట నీడ ఎటు పడుతుందో చూస్తూ జాగా చుట్టూ తిరిగాం.