పెట్రోల్ కొలిచే కట్టె

మా ఉస్తాద్ ఇక లేరని పోయిన వారం కడప నుంచి వాళ్ల పెద్దబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు. రెండు రోజుల జ్వరం, అంతేనట. బాధ కలిగింది గానీ, ఆయనకు తగ్గట్టే వెళ్లిపోయారనిపించింది. ఎవర్నీ ఇబ్బంది పెట్టడం ఆయనకు చేతకాదు.

రియాద్‌లో మా షెడ్డు మెకానిక్‌లందరికీ ఆయనే పెద్ద. నేను జగిత్యాల నుంచి అక్కడికి వెళ్లింది గల్ఫ్ యుద్ధం ముగిసిన ఏడే. సైరన్లు మోగిన రోజుల్లో కూడా ఆయన షెడ్డు వదల్లేదని చెప్పుకునేవారు. ఎందుకని అడిగితే, "బండ్లు ఇప్పి పెట్టినాం గదా అబ్బీ, యాడికి పోతాం?" అన్నారు.

మా కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చి మమ్మల్ని పనిలో పెట్టుకున్న సౌదీ యజమానికి, వాళ్ల నాన్న నడిపిన పాత పికప్ ఒకటి ఉండేది. ఎండకు రంగు ఊడిపోయినా, ఒంటె తన్నిన సొట్టతో సహా దాన్ని అలాగే ఉంచాడు. చలికాలం వస్తే డేరా వేసుకుని నాలుగు రోజులు గడపడానికి అతను ఆ బండిలోనే ఎడారి లోపలికి, దారి లేని చోట్లకు పోవాలి. మరమ్మతుకు తోడుగా ఉస్తాద్, ఆయన వెనకాల నేను. రంగు వేద్దామని నేనంటే ఉస్తాద్ ఒప్పుకోలేదు. "నడిచేది బాగుజెయ్ అబ్బీ. అగుపడేదాంతో మనకేం పని?"

పెట్రోల్ ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది. దాని బదులు ఒక కట్టె ఉండేది. ట్యాంకులో ముంచి, ఎంతవరకు తడిసిందో చూడాలి. కఫీల్ నాన్న తన కత్తితో గాట్లు పెట్టిన కట్టె అది. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. మొదటి ప్రయాణంలో మూడో రోజు మధ్యాహ్నం చాయ్ పెట్టమంటే, బండి వెనకాల దొరికిన పుల్లలతో పాటు దాన్నీ విరిచి పొయ్యిలో పెట్టాను. మిగతావాటికంటే చురుగ్గా అంటుకుంది. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది.

చాయ్ తాగి కఫీల్ కట్టె కోసం వెతికాడు. నేనొచ్చి నాలుగు నెలలు కాలేదు. అతనికి కోపం వస్తే మర్నాడే పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టించి ఇంటికి పంపగలడు. ఉస్తాద్ దగ్గరికి పోయి, "నేనే కాల్చిన ఉస్తాద్, తెల్వక" అన్నాను. ఆయన నావైపు ఒకసారి చూసి, తానే కాల్చానని కఫీల్‌తో అరబ్బీలో చెప్పేశారు. కఫీల్ పొయ్యి దగ్గరికి పోయి బూడిద కెలికి చూశాడు. తండ్రి గుర్తు పోయింది. పైగా ట్యాంకులో ఎంత ఉందో ఎవరికీ తెలియదు.

ఉస్తాద్ బండి కింద పడుకుని ట్యాంకుకు చెవి ఆనించి, "ఊపు" అన్నారు. ఊపాను. మళ్లీ ఊపమన్నారు. లేచి ఇసుక దులుపుకుని, "రోడ్డు దాకా వస్తాది. అంతకు మించి అడగగూడదు" అన్నారు. చెప్పినట్టే బండి తారురోడ్డు ఎక్కి, బంకు కనిపించే దూరంలో ఆగిపోయింది. ముగ్గురం తోశాం. తెల్ల అంగీని నడుముకు చెక్కుకుని తోస్తూ తోస్తూ కఫీల్ నవ్వేశాడు. అప్పటికి గానీ నా ప్రాణం కుదుటపడలేదు.

తర్వాత ఎన్నేళ్లైనా కఫీల్ ఆ ముచ్చట తీసి ఉస్తాద్‌ను ఆటపట్టించేవాడు. ఆయన తల వంచుకుని నవ్వేవారు. నేను నిజం చెప్పేస్తానంటే, "ఆయప్ప నవ్వుతుండాడు గదా, నవ్వనీ" అనేవారు. కఫీల్ పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఉస్తాద్ కూడా లేరు. ఆ తప్పు నాదని చెప్పుకోవడానికి నాకు మీరే మిగిలారు.

కట్టె కాల్చిన మరుసటి చలికాలం బయల్దేరే ముందు ఉస్తాద్ బండి తాళం నా చేతిలో పెట్టారు. నాలాంటివాడికి ఎట్లా ఇస్తారని అడిగాను. "ఒకసారి కాల్చినోడు రెండోసారి కాల్చడులే. తోలు" అన్నారు. కఫీల్ మధ్యలో కూర్చున్నాడు, ఉస్తాద్ కిటికీ పక్కన. ఎడారిలో ఎవరు తోలినా కన్నార్పకుండా దారి చూసే మనిషి, గంట తిరక్కుండానే తలగుడ్డ ముఖం మీదికి లాక్కుని నిద్రపోయారు. ఎదురుగా ఒక్క చక్రం జాడ కూడా లేని ఇసుక. ఆయన తల తలుపుకు కొట్టుకోకుండా, గుంతలు తప్పిస్తూ, నేను మెల్లగా తోలుతూ పోయాను.