వంతుల పత్రికలో పిక్కల ధర

పలాసలో ఒక దినపత్రికకి డెస్క్ ఇన్‌చార్జిగా నేను చేరింది రెండువేల పదకొండు జూన్‌లో. అంతకుముందు విశాఖపట్నంలో సబ్ ఎడిటర్‌గా, తర్వాత సీనియర్ సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. విలేకరులు పంపిన వార్తల్ని దిద్ది, శీర్షిక పెట్టి, ఏది ఏ పేజీలో ఎంత రావాలో తేల్చే విభాగాన్ని డెస్క్ అంటారు. దాని ఇన్‌చార్జి సంతకం లేకుండా పేజీ ప్రెస్సుకి వెళ్ళకూడదు. హోదా ప్రకారం నా పైన ఎడిటర్, ఆయన పైన యజమాని ఉండాలి. మా దగ్గర ఆ రెండు కుర్చీల్లోనూ ఒకే మనిషి కూర్చునేవారు. అందరం ఆయన్ని పెద్దాయన అనేవాళ్ళం.

పెద్దాయన మొదట జీడిపిక్కల కమీషన్ వ్యాపారి. పిక్క అంటే తొక్క ఒలవని జీడిగింజ. పూర్వం ఉద్దానం రైతుకి బజారు ధర తెలిసే దారి ఉండేది కాదు. ఊళ్ళోకి వచ్చిన దళారీ ఎంత చెబితే అంతే. ఎనభై కిలోల బస్తా ఆ రోజు పలాసలో ఎంతకి పోయిందో ఆయన ఒక కాగితం మీద అచ్చువేయించి, బస్సు డ్రైవర్ల చేతికిచ్చి ఊళ్ళకి పంపడం మొదలుపెట్టారు. ఆ కాగితమే వారపత్రిక అయింది. తర్వాత సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఆఫ్‌సెట్ మెషీన్ మీద దినపత్రిక అయింది. నేను చేరేనాటికి కంచిలి నుంచి నందిగాం దాకా మా ఏజెంటు లేని ఊరు వెతకాల్సిందే. పెద్ద పత్రికలు మమ్మల్ని చూసి నవ్వేవి. మా పాఠకులు మాత్రం ప్రభుత్వం మారినా సరే, ముందు మొదటి పేజీ అడుగున పెట్టెలో వేసిన పిక్కల ధర చూసి, ఆ తర్వాతే తల పైకెత్తి శీర్షిక చదివేవారు.

ఆ ధర సేకరించడం నా పనుల్లో ఒకటి. రోజూ సాయంత్రం జీడి పరిశ్రమల వాళ్ళకి, కమీషన్ వ్యాపారులకి ఫోన్ చేసేదాన్ని. అందరికంటే ఎక్కువ చెప్పినవాడిదీ, తక్కువ చెప్పినవాడిదీ పక్కన పెట్టి, ఎక్కువ సరుకు ఏ ధరకి చేతులు మారిందో అదే వేసేదాన్ని. చేరిన రోజే పెద్దాయన నాకు చెప్పిన మాట ఒక్కటే. పేజీలో తప్పు దొర్లితే మర్నాడు సవరణ వేయొచ్చునట, ధరలో తప్పు దొర్లితే రైతు అప్పటికే అమ్మేసుకుని ఉంటాడట.

పెద్దాయన పోయాక కొడుకులిద్దరూ పత్రిక నాదంటే నాదన్నారు. వాటా అమ్మడానికి ఒక్కరూ ఒప్పుకోలేదు. పెద్దమనిషిగా వచ్చిన మేనమామ తోటల మనిషి. ఆయనకి తెలిసిన పంపకం ఒకటే.

"తోటలో బావి నీళ్ళు వారం నువ్వు, వారం వాడు పెట్టుకుంటన్నారు గదరా. పేపరుకి మాత్రం ఏటి తక్కువ?" అన్నారాయన.

ఆ తీర్పు విని నాకు నవ్వు వచ్చింది. మూడు నెలలయ్యేసరికి నవ్వు పోయింది. సోమవారం సంచికతో వంతు మారేది. పెద్దబాబు వారంలో ఎమ్మెల్యేగారు వేసిన రోడ్డు అద్దంలా ఉండేది. చినబాబు వారంలో అదే రోడ్డుకి గోతులు పడేవి. ఫొటో కూడా ఒక్కటే వాడేవాళ్ళం, శీర్షిక మారేది. ఆ పత్రిక పేరు నేనిక్కడ రాయడం లేదు. రాస్తే ఇద్దరూ నా మీద కేసు వేస్తారు, బహుశా వారం విడిచి వారం.

చట్టానికి మాత్రం వంతులు తెలియవు. ప్రతి పత్రికకీ చివరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక వరుస ఉంటుంది. దాన్ని ఇంప్రింట్ అంటారు. ప్రచురణకర్త ఎవరో అందులో ఉండాలి. ఆ మనిషి మేజిస్ట్రేటు అధికారం ఉన్న అధికారి ముందు డిక్లరేషన్ ఇచ్చి ఉండాలి. పత్రికలో వచ్చిన ప్రతి అక్షరానికీ జవాబుదారీ ఆ మనిషే. కొడుకుల్లో ఎవరి పేరు పెట్టినా రెండోవాడు ఒప్పుకోడు కనుక తల్లి పేరు మీద డిక్లరేషన్ తీసుకున్నారు. ఆవిడ సంతకం పెట్టి ఇంట్లో ఉండిపోయారు. మేం ఆవిడని పెద్దమ్మగారు అనేవాళ్ళం.

రెండువేల ఇరవైరెండు మే నెలలో పూండి వైపు నుంచి దాలమ్మ అనే రైతు నన్ను వెతుక్కుంటూ ఆఫీసుకి వచ్చింది. చేతిలో వరసగా రెండు వారాలకి చెందిన మా పత్రికలున్నాయి. అంతకు మూడున్నరేళ్ళ కిందటి తుఫానుకి ఆవిడ జీడితోట మొత్తం వేళ్ళతో సహా లేచిపోయింది. తర్వాత పెట్టిన అంటుమొక్కలు ఎదిగి, ఆ ఏడే మొదటిసారి చెప్పుకోదగ్గ కాపు ఇచ్చాయి. దళారీ మా పత్రిక చేత్తో పట్టుకుని వెళ్ళి, అందులో ఉన్న ధరకే సగం పిక్కలు కొన్నాడు. మరుసటి వారం పత్రికలో ధర ఒక్కసారిగా ఆకాశంలో ఉంది.

"నాను సదువుకోనేదు మేడమ్. మా కోడలు సదివి సెప్పినాది. ఆ వారం ఓ రేటు, ఈ వారం ఓ రేటు. సెట్లు అవే, పిక్కలు అవే. మద్దిన ఏటి మారిపోనాది? ఇంక సగం ఇంట్ల ఉన్నాయి. వానలొచ్చీలోగా అమ్మాల. ఏ పేపరు నమ్మమంటారు?" అంది.

ఆ రెండు ధరల్లో ఏదీ నేను ఇచ్చింది కాదు. నా బల్ల మీద ఉన్న ప్రతుల్లో నేను సంతకం చేసిన ధరే ఉంది. విషయం అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. దూరపు ఊళ్ళకి వెళ్ళే ప్రతుల్ని ముందుగా వేస్తారు, వాటిని డాక్ ఎడిషన్ అంటారు. పలాస, కాశీబుగ్గలకి ఇచ్చే టౌన్ ఎడిషన్ ఆ తర్వాత. మాకు ఆఫీసులో చేతికొచ్చేది టౌన్ ప్రతి. పేజీ నా సంతకంతో వెళ్ళాక, అల్యూమినియం ప్లేటు మీదికి ఎక్కించేలోపు, డాక్ పేజీలో మాత్రం ధర మార్చేస్తున్నారు. పెద్దబాబుకి ఒక జీడి పరిశ్రమలో భాగం ఉంది, ఆయనకి పిక్కలు చౌకగా కావాలి. చినబాబు గోదాం నిండా పిక్కలు కొని పెట్టుకున్నారు, ఆయనకి ధర పెరగాలి. అన్నదమ్ములు దేనిలోనూ కలవరనుకున్నాను. ఉపాయంలో కలిశారు.

నాకు ఒళ్ళు మండింది. దాలమ్మకి ఆ రోజు అసలు ధర చెప్పి, తొందరపడి అమ్మొద్దన్నాను. ఆ సాయంత్రమే ఆఫీసు గేటు పక్కన ఒక నల్లబోర్డు పెట్టించి, ఫోన్లు పూర్తికాగానే ధర సుద్దముక్కతో రాశాను. కింద నా పేరు రాశాను, సుగుణ అని. ఇంకా అచ్చుకి వెళ్ళని పేజీలో ధరని పదిమంది ముందే చూసేస్తే తర్వాత మార్చి లాభం లేదు. ఆటోవాళ్ళు, కండక్టర్లు ఆ బోర్డుని ఫొటో తీసి ఊళ్ళకి పంపసాగారు. డాక్ ప్రతిలో ఒకటి, ఫోన్‌లో ఒకటి కనబడేసరికి ఏజెంట్లకి రైతులు గట్టిగానే గడ్డిపెట్టారు.

పెద్దబాబు పిలిపించారు. "ఈ వారం పేపరు నాది మేడమ్. నా పేపర్లో నా రేటు" అన్నారు. పేపరు మీదే, ధర బజారుది అన్నాను. బోర్డు తీయించి, నన్ను కూడా తీసేశారు.

సోమవారం చినబాబు కబురు పెట్టి మరీ మళ్ళీ తీసుకున్నారు. స్వీటు ప్యాకెట్ కూడా ఇచ్చారు. రెండోరోజు అసలు సంగతి బయటపెట్టారు, ధర కొంచెం పైకి జరపాలట. కుదరదన్నాను.

"మా అన్న తీసీసినోల్ని నాను ఎట్టుకున్నాను. నా మాట ఇనరేటి మేడమ్?" అని ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. నొచ్చుకుని ఆయన కూడా తీసేశారు. అప్పటిదాకా నాకు వారం విడిచి వారమైనా ఉద్యోగం ఉండేది. ఇప్పుడు రెండు వారాల్లోనూ లేదు.

ఇంట్లో కూర్చోవాలని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. వ్యాపారులు నా ఫోన్ ఎప్పటిలాగే ఎత్తుతున్నారు. ఆఫీసుకి ఎదురుగా ఉన్న టీ కొట్టు యజమానిని అడిగితే గోడ ఇచ్చాడు. అక్కడ ధర రాయడం మొదలుపెట్టాను. దాలమ్మ ఇంట్లో సగం పిక్కలున్నాయి, మబ్బులు కమ్ముతున్నాయి. తేమ తగిలితే పిక్క నల్లబడుతుంది, అప్పుడు ఏ ధర నిజమైనా ఆవిడకి ఒరిగేదేం లేదు. దళారులు ఇంకా డాక్ పత్రిక చూపించే బేరమాడుతున్నారు. గోడ మీది అంకె ఎంత నిజమైనా, అచ్చులో ఉన్న అంకెకి ఉండే పరువు దానికి లేదు. ఆ అబద్ధాన్ని అచ్చులోనే ఆపాలి. అందుకు అధికారం ఉన్న మనిషి ఒక్కరే.

పెద్దమ్మగారిని చూడటానికి వెళ్ళాను. రెండు వారాల డాక్ ప్రతులు ముందు పెట్టి, చివరి పేజీ అడుగున ఆవిడ పేరు చూపించాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎవరైనా కేసు వేస్తే నోటీసు కొడుకులకి రాదు, మీకే వస్తుందని కూడా చెప్పాను.

ఆవిడ నోటీసు సంగతి పట్టించుకోలేదు. "మా ఆయన ఈ పేపరు ఎట్టిందే రేటు కోసం గదమ్మా. నా పేరు కింద అబద్దం అచ్చేత్తన్నారా?" అన్నారు.

కొడుకులిద్దర్నీ పిలిపించి నా ఎదుటే అడిగారు. పెద్దబాబు తమ్ముడి మీద, చినబాబు అన్న మీద నేరం తోశారు. ఆవిడ రెండు చేతులూ ఎత్తి ఆపారు.

"అదంతా నాకొద్దు. రేపటి నుంచి నిజం రేటు ఎత్తారా, ఎయ్యరా? అది సెప్పండి."

ధర అనేది వ్యాపారానికి సంబంధించిన విషయమనీ, అమ్మకి అర్థం కాదనీ పెద్దబాబు అన్నారు. చినబాబు తలూపారు. పెద్దాయన పోయాక వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడటం నేను చూసింది అదే మొదలు. పెద్దమ్మగారు నావైపు తిరిగి, తన పేరు తీసేయించుకోవాలంటే ఏం చెయ్యాలని అడిగారు.

ప్రచురణకర్త తన డిక్లరేషన్ ఉపసంహరించుకుంటున్నట్టు ఆర్డీవో కార్యాలయంలో రాసివ్వాలి. మరొకరు కొత్త డిక్లరేషన్ పొందేదాకా పత్రిక అచ్చువేయడానికి వీల్లేదు. అన్నదమ్ముల్లో ఎవరు దరఖాస్తు పెట్టినా రెండోవారు అభ్యంతరం పెడతారు. అంటే అది పత్రిక మూతపడటమే. ఈ సంగతి ఆవిడకి దాచకుండా చెప్పాను. పత్రిక మీద బతికే సిబ్బంది ఉన్నారని కూడా చెప్పాను. ఆవిడ ఆ డాక్ ప్రతులు మడిచి పక్కన పెట్టారు. తర్వాత "రాయమ్మా" అన్నారు. పిటిషన్ అక్కడే కూర్చుని నేనే రాశాను. మర్నాడు ఆవిడ స్వయంగా వెళ్ళి ఇచ్చి వచ్చారు.

అనుకున్నట్టే ఇద్దరూ దరఖాస్తు పెట్టారు, ఇద్దరూ అభ్యంతరం పెట్టారు. తర్వాత కోర్టుకి వెళ్ళారు. మెషీన్ తుప్పు పట్టకముందే అమ్మేసి, ఆ డబ్బు కోర్టులో జమ చేశారు. పత్రిక పేరు ఎవరిదో నాకు తెలిసి ఇంతవరకు తేలలేదు.

అచ్చులో ధర ఆగిపోయాక దళారుల చేతిలో చూపించడానికి ఏమీ మిగల్లేదు. వాళ్ళు కూడా గోడ దగ్గరికే వచ్చారు. దాలమ్మ మిగతా పిక్కల్ని వానలకి ముందే గోడ మీది ధరకి అమ్ముకుంది. ఆ సంగతి చెప్పడానికి కోడల్ని వెంటబెట్టుకుని టీ కొట్టు దగ్గరికి వచ్చింది. "మొదటి సగం పోనాది పోనాది, ఇది మాత్రం నాకు దక్కినాది" అంది. కొన్నాళ్ళకి పెద్దబాబు పరిశ్రమ గుమస్తా కూడా రోజూ వచ్చి ధర చూసుకుని వెళ్ళడం గమనించాను. ఊళ్ళో అందరికీ అబద్ధం చెప్పినవాడికైనా తను కొనేటప్పుడు నిజం ధర తెలియాలి కదా.

మా పేజీ డిజైనర్ అప్పన్న ఒకరోజు ఆ గోడ దగ్గరే ఎదురయ్యాడు. పత్రిక పోయాక పెళ్ళికార్డులు డిజైన్ చేసే షాపులో పనికి కుదిరాడు, అదీ రోజూ ఉండదు. నేను పలకరించి టీ చెప్పాను.

"మీ రేటు నిలబడినాది మేడమ్. మా కూడు పోనాది" అని టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

నాకు కోపం రాలేదు. బాధ కలిగింది. ఇప్పటికీ అతను కనబడితే కలుగుతుంది.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళు అడుగుతుంటారు కనుక ఆ అనుభవం నాకేం నేర్పిందో రాస్తున్నాను. ఒక పత్రికని ఇద్దరు పంచుకోవచ్చు, అభిప్రాయాల్ని వంతులవారీగా మార్చుకోవచ్చు. అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరూ నమ్మి చూసే అంకె అలా పంచుకుంటే మిగలదు. దాన్ని కాపాడటం డెస్కు పని. కాపాడినప్పుడు ఆ ఖర్చు మనం ఒక్కరమే భరిస్తామని ఎవరైనా చెబితే నమ్మొద్దు. దాలమ్మ పిక్కలు సరైన ధరకి పోయాయి, అప్పన్న ఉద్యోగం పోయింది. రెండూ ఒకే పిటిషన్ వల్ల జరిగాయి. దాన్ని రాసింది నేను, తెలిసే రాశాను.