కారులో పెట్టుకోవడానికో చవక రివాల్వరు

కుక్కరు కొన్నా, మిక్సీ కొన్నా నేను షాపువాళ్ళను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఎన్నేళ్ళు మన్నుతుంది? జర్మనీకొచ్చాక న్యూరెంబర్గ్‌లో తుపాకుల షాపులోనూ నోటికి అదే వచ్చింది. కౌంటరు వెనకున్న పెద్దావిడ కళ్ళజోడు ముక్కు మీదికి దించి నన్ను ఎగాదిగా చూసింది.

"మన్నిక సంగతి తర్వాత చూద్దాం. దేనికి కావాలి మీకు?"

చవగ్గా ఉండాలి, గట్టిగా ఉండాలి, కారులో పెట్టుకునేలా ఉండాలి అన్నాను.

"ఎలాంటిది కావాలో చెప్పారు. నేనడిగింది దేనికని."

అడవిలో ఒంటరిగా పనిచేస్తాను, భయమేస్తోంది అన్నాను. అంతవరకు మా ఆయన ముందు కూడా ఒప్పుకోని మాట అది. ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పేశాక నా మీద నాకే ఒళ్ళు మండింది.

నా పని భూగర్భ జలాలు కొలవడం. ఎర్లాంగెన్ ఊరి చుట్టుపక్కల పైన్ అడవుల్లో అక్కడక్కడా నేలలోకి దింపిన ఇనప పైపులుంటాయి. కారులో వెళ్ళి, స్పానరుతో పైపు మూత విప్పి, లోపలికి టేపు వదులుతాను. టేపు కొస నీటికి తగలగానే చేతిలోని డబ్బా కుయ్యిమంటుంది. లోతు రాసుకుని, మూత బిగించి, ఇంకో పైపుకు పోతాను. ఇంతే. మా ఆఫీసులో ఈ పనంటే అందరికీ చిన్నచూపు. నాకు మాత్రం ప్రాణం. మా నాన్న కరీంనగర్ వైపు బోర్లు వేసే లారీ నడిపేవాడు. నీళ్ళు పడ్డాయనగానే చుట్టూ మూగిన జనం మొహాలు వెలిగిపోవడం చూస్తూ పెరిగినదాన్ని. నేల కింద నీళ్ళున్నాయని ఆ డబ్బా కూసి చెప్పిన ప్రతిసారీ నాకిప్పటికీ లోపల ఏదో గంతేస్తుంది.

ఏప్రిల్‌లో, పట్టపగలు, అలాంటి ఒక పైపు దగ్గరికి పోతుంటే ఇసుకబాటలో ఒక ఆకుపచ్చ పికప్ అడ్డంగా వచ్చి ఆగింది. అందులోంచి అరవై ఏళ్ళ మనిషి దిగాడు. పని బట్టలు, తలమీద టోపీ. వచ్చీ రాగానే అరచేత్తో నా బానెట్ మీద దబ్బున కొట్టాడు.

"ఇక్కడేం వెతుకుతున్నావు? నిన్నెవరు రానిచ్చారు?"

అడవిలో బండి నడపడానికి ఇచ్చిన అనుమతి కార్డు అద్దం ముందే ఉంది. వేలితో చూపించాను. వాడు కార్డు వైపు చూడను కూడా చూడలేదు. బండి ముందు నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, నన్నే చూస్తూ నవ్వాడు. కదల్లేదు. తలుపులు లాక్ చేసుకున్నాను. రివర్స్ గేరు ఒక పట్టాన పడలేదు. పడ్డాక వెనక్కి పోయి పోయి దుంగల కుప్పను గుద్దాను, వెనక దీపం పగిలింది. ఆ చప్పుడుకు వాడు ఇంకా పెద్దగా నవ్వాడు.

పోలీసులకు చెప్పాను. చెయ్యి చేసుకోలేదు, చంపుతాననలేదు, బండి నంబరు మీకు తెలియదు, మేమేం చేయగలం అన్నారు. మా బాస్ మంచివాడే. ఆ మంచితనమే కొంప ముంచింది. ఆ రూటు ఇంకొకరికి ఇచ్చేస్తాను, నువ్వు ఆఫీసులో కూర్చుని వచ్చిన అంకెలు కంప్యూటర్లో ఎక్కించు అన్నాడు. కాదన్నాను. అయితే శరత్కాలపు కొలతల దాకా చూద్దాం అన్నాడు. ఆలోగా ఆ పైపు దగ్గరికి ఒంటరిగా పోయి రాగలిగితే అడవి పని నాది. లేకపోతే కిటికీ పక్కన కుర్చీయే గతి.

మావారిది భీమవరం. కుర్చీ మాట వినగానే ఆయన మొహం విప్పారింది.

"సుబ్బరంగా హీటరు పక్కన కూర్చుని కాఫీ తాక్కుండా, నీకెందుకే ఈ అడవులట్టుకుని తిరగడం?"

"నువ్వు జెర ఊకో. కుర్చీల కూసునే దాన్నయితే ఇంత దూరం ఎందుకొస్త?"

"అయితే ఏం చేస్తావ్? తుపాకీ కొంటావా?"

ఆయన వేళాకోళానికే అన్నాడు. నేను ఆ శనివారమే షాపుకు పోయాను.

పెద్దావిడ ఓపిగ్గా చెప్పింది. నిజం తుపాకీ వేటగాళ్ళకీ, షూటింగ్ క్లబ్బుల వాళ్ళకీ తప్ప ఇక్కడ ఎవరికీ రాదు. భయమేస్తోందని చెబితే అసలే రాదు. ఇక మిగిలింది ఉత్తుత్తి తుపాకీ. చూడ్డానికి అచ్చం నిజందే, తూటా ఉండదు, పెద్ద చప్పుడూ మండే గ్యాసూ మాత్రం వస్తాయి. కొనడానికి అక్కర్లేదు గానీ, వెంట పెట్టుకుని ఇల్లు దాటాలంటే లైసెన్సు కావాలి, క్లైనర్ వాఫెన్‌షైన్ అంటారు. మూసిన కారులో పేలిస్తే ముందు నా చెవులు పోతాయి, ఆ వెంటనే నా కళ్ళు మండుతాయి. కారు దిగి పోతే దాన్ని బండిలో వదిలేయకూడదు, వెంట తీసుకుపోవాల్సిందే. ఇంక కారులో పెట్టుకుని లాభమేమిటి అన్నాను. "అదే నేనూ చెబుతున్నాను" అంది.

అయినా మొండికేశాను. రెండు తీసి కౌంటరు మీద పెట్టింది. ఒకటి సన్నటి పిస్తోలు, అన్నిటికన్నా చవక. పోత లోహం, నాలుగు డబ్బాల మందుగుండు కాల్చేసరికి పగుళ్ళొస్తాయట. రెండోది పొట్టి రివాల్వరు. కొంచెం బరువు. పాడయ్యే భాగాలు తక్కువ, వానలో తడిసినా తుడుచుకుంటే పనిచేస్తుంది, ఎలా పట్టుకున్నా ఇరుక్కుపోదు. మూత బిగువు చూసి కుక్కరు కొన్నట్టు, నేను దాని చక్రం తిప్పి తిప్పి చూశాను. రివాల్వరే తీసుకున్నాను. చివరికి ఎంతకిస్తారు అని కూడా అడిగాను. ఆవిడ నవ్వి, శుభ్రం చేసుకునే బ్రష్షు ఊరికే ఇచ్చింది.

లైసెన్సు వచ్చేదాకా వంటింట్లో కుర్చీలో కూర్చుని, సంచిలోంచి దాన్ని తీయడం ప్రాక్టీసు చేశాను. మావారు పప్పు తాలింపు వేస్తూ, "ఆ తలుపేసుకోవే తల్లీ, ఎవరన్నా చూస్తారు" అనేవాడు. లైసెన్సు వచ్చింది. మనసు కుదుటపడుతుందనుకున్నాను, అదేం లేదు. ఎర్రదీపం దగ్గర ఆగితే చెయ్యి సంచిలోకి పోయేది. సూపర్ మార్కెట్ ముందు ఏ పికప్ ఆగినా అందులో ఎవరున్నారో చూసేదాకా ఊపిరి ఆడేది కాదు. లోపల వెనక ఎవడైనా ట్రాలీ గబగబా తోసుకొస్తే పక్క వరసలోకి తప్పుకునేదాన్ని. మిగతా పైపులన్నిటికీ పోయాను. ఆ ఒక్కదాని దారి మొదట్లోకి పోయి, రివాల్వరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, తిరిగి వచ్చేశాను. అట్లా ఒకసారి కాదు. ఇంటికొచ్చాక చేసిన కూరల్లో ఉప్పు ఎక్కువో తక్కువో అయ్యేది. మావారు పెరుగు కలుపుకుని తినేవాడు.

అంతలో దసరా వచ్చింది. మా నాన్న ప్రతి దసరాకూ బోరు లారీని కడిగి, బిట్లు, సుత్తెలు, స్పానర్లు అన్నీ వరసగా పేర్చి పూజ చేసేవాడు. ఏ పనిముట్టునూ వదలకూడదు, వదిలితే అది అలుగుతుంది, ఏడాదంతా మొరాయిస్తుంది అనేవాడు. నేనూ ఏటా అపార్ట్‌మెంటు పార్కింగులో నా కారుకు పూజ చేస్తాను. చక్రాల కింద నిమ్మకాయలు పెడతాను, టేపుకూ స్పానరుకూ బొట్లు పెడతాను. పై అంతస్తులో ఒక్కతే ఉండే జర్మన్ పెద్దావిడ బాల్కనీలోంచి చూసి చెయ్యి ఊపేది, గారెలు పంపితే ఇష్టంగా తినేది. ఈసారి పనిముట్లలో ఒకటి ఎక్కువైంది. దాన్ని వదిలేస్తే ఎట్లా? ఖాళీ రివాల్వరును బానెట్ మీద టేపు పక్కన పెట్టాను. తడి కుంకుమ తీసి గొట్టానికి నిండుగా రాశాను.

ఆవిడ ఆ రోజు బాల్కనీలోకి వచ్చేసరికి కనిపించింది ఇదీ: నా చేతిలో తుపాకీ, దాని మీదా నా వేళ్ళ మీదా ఎర్రగా కారుతున్నది.

నేను హారతి వెలిగించాను. మావారు కొబ్బరికాయ పట్టుకుని మెట్ల మీద నిలబడ్డాడు. రెండు పోలీసు కార్లు చప్పుడు లేకుండా వచ్చాయి. ఒక చిన్నవయసు పోలీసామె కారు తలుపు చాటున నిలబడి, నడుం మీద తుపాకీ పట్టుకుని చెప్పింది.

"చేతిలోది కింద పెట్టండి. చేతులు పైకెత్తండి."

నాకు అర్థమైంది. కానీ వెలుగుతున్న హారతిని నేల మీద ఎవరైనా పెడతారా? నా చేతులకు ఆ అలవాటే లేదు. ఎదురుగా బానెట్ ఉంది, దాని మీద పెడదామని పళ్ళెం అటు చాపాను. బానెట్ మీద రివాల్వరు ఉంది. పోలీసామె తన తుపాకీ తీసి నాకు గురిపెట్టింది.

"కింద పడెయ్యవే" అని మావారు వెనక నుంచి అన్నాడు. గొంతు ఆయనది కానట్టుంది. "నీకు దణ్ణం పెడతాను, పడెయ్."

పడేశాను. పళ్ళెం గింగిరాలు తిరిగింది, కర్పూరం దొర్లి కారు టైరు పక్కన ఆరిపోయింది. చేతులెత్తి నిలబడ్డాను. కుంకుమ మోచేతుల దాకా కారుతోంది.

అంతా విడమరిచి చెప్పాక, వాళ్ళు కుంకుమ వాసన చూశాక, ఆ పోలీసామె నా కారుకే ఆనుకుని నిలబడింది. "మీ చెయ్యి ఇంకో జానెడు ముందుకు వచ్చి ఉంటే" అని ఆపేసింది. రివాల్వరు, లైసెన్సు తీసుకుపోయారు. ఇవి మీ దగ్గర ఉండొచ్చో లేదో మళ్ళీ చూసి ఫోన్ చేస్తామన్నారు.

మర్నాడు పై అంతస్తుకు గారెలు తీసుకుపోయాను. పెద్దావిడ గొలుసు తీయకుండా తలుపు బెత్తెడు తెరిచి, "వద్దండి, థాంక్స్" అని మూసేసింది. ఆ తర్వాత మెట్ల మీద ఎదురైతే గోడకు అంటుకుపోయి, నేను దాటేదాకా ఊపిరి బిగబట్టేది. ఒకరోజు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంట్లోకి వచ్చి చెప్పులు విసిరికొట్టాను.

"గిన్నేండ్లు నా గారెలు తిన్నది. నన్ను జూసి భయపడుడేంది?"

మావారు నెమ్మదిగా అన్నాడు. "నీకు ఆ పికప్ వాడెంతో, ఆవిడకి ఇప్పుడు నువ్వంత."

కిందికి దిగి టేపూ స్పానరూ కారులో పడేశాను.

మర్నాడే శరత్కాలపు కొలతలకు ఆఖరి రోజు. రివాల్వరు లేదు. ధైర్యం వచ్చి పోలేదు, కోపంతో పోయాను. ఆవిడ మీద, మావారి మీద, పోలీసుల మీద, అందరి మీదా కోపం. ఇసుకబాట మలుపు తిరిగానో లేదో, అదే ఆకుపచ్చ పికప్. అదే టోపీ. వాడు కట్టెలు ఎత్తి బండిలో వేస్తున్నాడు. నా కారు చూసి చెయ్యెత్తి పలకరించాడు. తన బండిని మర్యాదగా పక్కకు జరిపి దారి ఇచ్చాడు.

నేను దిగి, స్పానరు తీసుకున్నాను. "నీళ్ళు కొలవడానికి వచ్చారా? మంచిది. మా బావి కూడా దిగిపోతోంది" అన్నాడు. నవ్వుతున్నాడు. వీడికి నా మొహం గుర్తులేదు. నెలల తరబడి నాకు తిండీ నిద్రా లేకుండా చేసినవాడికి, నా తల మీదికి పోలీసు తుపాకీ తెచ్చినవాడికి, నేనెవరో తెలియదు. ఏడుపొచ్చింది. మింగేశాను.

పైపు వైపు పోవాల్సినదాన్ని వాడి వైపు నడిచాను.

"ఏప్రిల్‌లో మీరు ఒక కారు బానెట్ మీద కొట్టారు. ఆ కారులో ఉన్నది నేనే."

ముందు వాడికి అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. చేతిలో కట్టె వదిలేశాడు, ఒక అడుగు వెనక్కి వేశాడు, ఇంకో అడుగు వేస్తే వీపు కట్టెల కుప్పకు తగిలింది. రెండు చేతులూ ఛాతీ దాకా లేచాయి. "కట్టెల దొంగలనుకున్నాను, క్షమించండి" అంటున్నాడు. కళ్ళు నా మొహం మీద లేవు. నా కుడిచేతి మీద ఉన్నాయి. అప్పుడు చూసుకున్నాను. మోచెయ్యంత స్పానరు, భుజం దాకా ఎత్తి పట్టుకుని ఉన్నాను.

దించాను. పైపు దగ్గరికి పోయి మూత విప్పాను. డబ్బా కూసింది, అంకె రాసుకున్నాను. వాడు బండెక్కి వెళ్ళిపోయాడు. ఆ రూటు నాదే అయింది, ఇప్పటికీ నేనే పోతాను.

కొన్నాళ్ళకు పోలీసుల దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. ఆ పోలీసామే మాట్లాడింది. అంతా సరిగానే ఉంది, వచ్చి మీ రివాల్వరు తీసుకుపొండి అంది. వద్దు, మీ దగ్గరే ఉంచేయండి అన్నాను. ఇప్పుడు భయం లేదా అని అడిగింది. ఉంది అన్నాను. మరెందుకు వద్దంటున్నారు అంది.

వాడు వీపు కట్టెలకు ఆనించి నన్ను చూసి వణుకుతుంటే నాకెంత హాయిగా అనిపించిందో ఆమెకు చెప్పలేదు. వద్దన్నాను, ఫోన్ పెట్టేశాను.