మొక్క ఒకరిది, నీళ్ళు ఇంకొకరివి

మొన్న హైదరాబాదులో పెళ్ళికి వెళ్ళి వారం తర్వాత నందిగామ వచ్చాను. ఇంటి తాళం తీస్తుండగానే వరండాలో కుండీ దగ్గర నుంచి వాసన కొట్టింది. మురుగు వాసన కాదు, చచ్చిన ఎలుక వాసనా కాదు. కరివేపాకు మొక్కను పట్టుకుంటే వేరుతో సహా చేతిలోకి వచ్చేసింది. నీళ్ళు పొయ్యమని ఎదురింటి పద్మగారికి చెప్పే వెళ్ళాను కాబట్టి నా అనుమానం ముందు ఆవిడ మీదకే పోయింది. కానీ ఆ మెత్తబడ్డ వేరు ముక్కు దగ్గర పెట్టుకోగానే మనసులో పద్మగారు పక్కకు తప్పుకున్నారు, కరుణమ్మ టీచరు వచ్చి నిలబడ్డారు.

టీచరు జగ్గయ్యపేట హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి, రిటైరయ్యాక మా ఊరు వచ్చేశారు. మాది చిల్లకల్లు నుంచి లోపలికి, వత్సవాయి వైపు ఉన్న చిన్న ఊరు. ఊరి చివర వాగు, దాని గట్టునానుకుని సమాధుల తోట. ఆవిడ భర్త అక్కడే ఉన్నారు. ఇటుక బట్టీల కోసం ట్రాక్టర్లు గట్టు మట్టి తోడుకుపోతుంటే, ఒక వానాకాలం వాగు పొంగి సమాధుల తోట గోడదాకా వచ్చింది. ఇంకోసారి వస్తే గోడ ఆగదు. అందుకని టీచరు మాలాంటి వాళ్ళను కొందరిని పోగుచేసి గట్టు మీద మొక్కలు నాటించారు. పంచాయతీవాళ్ళు ఒక మాట అన్నారు. వచ్చే వానలదాకా మొక్కలు నిలబడితే గట్టు జోలికి ఎవరూ రారు, లేకపోతే మట్టికి వదిలేస్తాం.

అప్పటికి నేను డిగ్రీ ముగించి జగ్గయ్యపేటలో ఒక మందుల షాపులో పనిచేస్తున్నాను. టీచరంటే నాకు గౌరవమే గానీ, ఆవిడ అనుమానం మాత్రం భరించడం కష్టం. నర్సరీ నుంచి మొక్కలొస్తే సంచులు చించి వేర్లు చూసేవారు. నాటిన రోజు ఆటో నడిపే ప్రసాదు ఫొటో తీద్దామని ఫోను పైకెత్తితే చెయ్యి అడ్డం పెట్టారు.

"ఎండాకాలం దాటాక తీద్దువులే. ఇప్పుడు తీస్తే ఫొటో మిగుల్ద్ది, మొక్క పోద్ది."

ఇంకో నియమం కూడా పెట్టారు. ఎవరు నాటిన మొక్కకు వాళ్ళు నీళ్ళు పొయ్యకూడదు. "సొంత మొక్క గురించి అందరూ అబద్ధాలాడతారు, పక్కోడి మొక్క గురించి ఆడరు," అనేవారు. నా కానుగ ప్రసాదుకు పడింది. సమాధుల తోట గోడ పక్కన టీచరు నాటిన నేరేడు నాకు పడింది. ఇక రోజూ విచారణే.

"నిన్న బిందెతో పోసావా, చెంబుతోనా?"

"బిందెతోనే టీచర్."

"తడి చూసాలే. చెంబుతో పోసినట్టుంది."

ఒళ్ళు మండేది. ఊరు ఆవిడను అనుమానించడంలో తప్పేముందనిపించేది. "ఊరికే ఎవరు చేస్తారే ఇంత పని? సమాధుల తోట పెంచుకోడానికి ప్లాను," అని మా అమ్మ అంటే, నేను కాదనలేదు.

చలికాలం చివర మొక్కల ఆకులు పసుపు రంగుకు తిరిగి రాలడం మొదలైంది. ఎవరో మందు కొట్టారని అందరూ తేల్చేశారు. కొట్టింది ఎవరో కూడా తేల్చేశారు. గట్టు మట్టి తోలే ట్రాక్టర్లు నరసింహారావు గారివి. టీచరు పంచాయతీ ఆఫీసుకు వెళ్ళి ఆయన మొహం మీదే ఆ మాట అన్నారు.

"నా పత్తికి కొట్టే మందే దొరక్క చస్తన్నా, మీ మొక్కలకెక్కడ కొడతానండీ?" అన్నాడాయన. ఎవరూ నమ్మలేదు.

తర్వాత ఒకరోజు షాపుకు బయల్దేరే ముందు, నా కానుగ ఎలా ఉందోనని పొద్దున్నే గట్టు మీదకు వెళ్ళాను. నేరేడు దగ్గర టీచరు వంగి బిందెతో ఏదో పోస్తున్నారు.

"ఏం పోస్తున్నారు టీచర్?"

ఆవిడ ఉలిక్కిపడ్డారు. "నీళ్ళేనమ్మా."

"అది నేను పోసేది కదా?"

"నువ్వు పొయ్యట్లేదేమోనని."

"రోజూ సాయంత్రం బిందెడు పోస్తన్నా!"

టీచరు బిందె కింద పెట్టి మట్టిలో వేలు గుచ్చారు. నల్లరేగడి కదా, తాగిన నీళ్ళను వదలదు. మొక్కను పట్టుకుంటే చిన్న చప్పుడైనా లేకుండా పైకొచ్చింది. కుళ్ళిన వేరు వాసన చూసి నా చేతికిచ్చారు. నా చేతిలోనూ ఒక బిందె ఉంది. దాంతో పొద్దున్నే కానుగ దగ్గరకు ఎందుకు వచ్చానో ఆవిడ అడగలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక అందరినీ గట్టు మీదకు పిలిచి ఆ వేరు చూపించారు. "దీన్ని చంపింది నేను," అన్నారు. ప్రసాదు బుర్ర గోక్కుంటూ, "నేనూ నా వేపకు రోజూ పోస్తన్నా టీచర్," అన్నాడు. ఇంకొకరు, ఇంకొకరు. అందరం నవ్వాం. ఆవిడ నవ్వలేదు. నన్ను వెంటబెట్టుకుని నేరుగా నరసింహారావు గారింటికి వెళ్ళి, తప్పు మాదేనని చెప్పారు.

ఆయన కళ్ళు చికిలించి చూశాడు. "దీంట్లో ఇంకేదో ఉంది టీచరమ్మా. మీరు ఊరికే తప్పొప్పుకునే మనిషి కాదు."

"ఉంది. నేరేడు మళ్ళీ నాటా. ఈ ఎండాకాలం దానికి నువ్వే నీళ్ళు పొయ్యాల."

దారిలో నేను ఆగలేకపోయాను. "ఆయనకు మట్టి కావాలి టీచర్! ఎండబెట్టి చంపేస్తాడు."

"నాకూ అదే అనుమానం."

"మరెందుకిచ్చారు?"

"అనుమానం పోయాకే ఇవ్వాలంటే, ఈ జన్మలో నేనెవరికీ ఏదీ ఇవ్వలేనమ్మా."

ఆ ఎండాకాలమంతా టీచరు భర్త సమాధి దగ్గరకు గట్టు దారిన వెళ్ళలేదు. నేరేడు కంటపడకుండా పత్తి చేల చుట్టూ తిరిగి, అవతలి గేటులోంచి వెళ్ళేవారు. ఆ ఎండలో, ఆ మోకాళ్ళతో. మొక్కను నేను చూసి రమ్మంటారా అని అడిగితే నన్ను కసిరారు. అప్పుడే నాకు ఆవిడ మీద ప్రేమ పుట్టింది. నమ్మకం ఉన్నవాళ్ళు నమ్మడంలో గొప్పేముంది?

తొలకరి పడ్డాక అందరం కలిసి వెళ్ళాం, నరసింహారావు గారూ వచ్చారు. కొన్ని పోయాయి, ఎక్కువ నిలిచాయి. నేరేడు చిగురు వేసి ఉంది. చుట్టూ మేకలు రాకుండా తుమ్మకంప కట్టి ఉంది. అది కట్టమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. టీచరు కంప సందులోంచి చెయ్యి పెట్టి, మట్టిలో వేలు గుచ్చి, "పరవాలేదు," అన్నారు. పంచాయతీ మాట నిలబెట్టుకుంది. ప్రసాదు ఆరోజు తీసిన ఫొటో ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో అందరం ఫోను వైపు చూస్తున్నాం, టీచరు ఒక్కరే నరసింహారావు గారి వైపు ఓరగా చూస్తున్నారు.

ఇప్పుడు ఆవిడా ఆ గోడ పక్కనే, భర్త దగ్గరే ఉన్నారు. నేరేడు పళ్ళు రాలి ఆ చోటంతా ఊదారంగుగా ఉంటుంది.

మొన్నటి కరివేపాకు సంగతి నేను పూర్తిగా చెప్పలేదు. పద్మగారు మర్చిపోతారేమోనని, ఆవిడకు తెలియకుండా మా గేటు వాచ్‌మన్‌కి కూడా చెప్పి వెళ్ళాను. ఇద్దరూ పోశారు. కొత్త మొక్క తెచ్చాను. నిన్న విశాఖపట్నం బయల్దేరుతూ పద్మగారి తలుపు తట్టి, నీళ్ళు మీరే పొయ్యాలని చెప్పాను. ఆవిడ టీవీ మీద నుంచి చూపు తిప్పకుండానే అలాగే అన్నారు. గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు.

"అమ్మా, మొక్కకు నన్ను కూడా పొయ్యమంటారా?"

అవునని నోటిదాకా వచ్చింది. "వద్దు," అని చెప్పి, వెనక్కి చూడకుండా ఆటో ఎక్కాను.